పేరు కొట్టి చూస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో పరిశోధక విద్యార్థులైనా, పరవాడ ఫార్మాసిటీ చుట్టుపక్కల చిన్న పరిశ్రమల వారైనా, కొత్త సమ్మేళనం చేతికి రాగానే దాని పేరును గూగుల్ పేటెంట్స్‌లో కొట్టి, ఏమీ రాకపోతే ఇంతవరకు ఎవరూ చేయలేదని తేల్చుకోవడం తరచూ చూస్తున్నాను. రసాయనాల విషయంలో ఇది ప్రమాదకరమైన అలవాటు. మనమంతా వాడే పారాసిటమాల్‌నే తీసుకుంటే, అది ఒక పత్రంలో ఎసిటమినోఫెన్, మరో పత్రంలో 4-అసిటమిడోఫినాల్, ఇంకొక దానిలో ఎన్-(4-హైడ్రాక్సీఫినైల్)అసిటమైడ్.

పేటెంటులో తమకే హక్కు కావాలని కోరే అంశాలను క్లెయిములంటారు; వాటిలో మార్కుష్ క్లెయిములతో చిక్కు ఇంకా ఎక్కువ. ఒక మూల నిర్మాణం గీసి, అందులో ఆర్-1 అని గుర్తు పెట్టిన స్థానంలో మిథైల్, ఇథైల్, హాలోజన్‌లలో ఏదైనా ఉండవచ్చని రాసుకుంటూ పోతే ఒక్క క్లెయిములోనే వేలాది సమ్మేళనాలు ఇమిడిపోతాయి. వాటిలో చాలావాటి పేరు ఆ పత్రంలో ఎక్కడా ఉండదు. ఒక సమ్మేళనం పాత పేటెంటు పరిధిలోకి వచ్చినా అందులో వెల్లడి కాలేదన్న వాదనను గ్లివెక్ అనే క్యాన్సర్ మందు కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదని ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి.

కాబట్టి పేరుతో కాక నిర్మాణంతో వెతకాలి. మార్కుష్ వెతుకులాటకు నిపుణులు చదివి సూచీకరించిన అమెరికన్ కెమికల్ సొసైటీ విభాగమైన క్యాస్ వారి మార్‌ప్యాట్, క్లారివేట్ వారి డెర్వెంట్ డేటాబేసులు మేలైనవే గాని, వాటి చందా చిన్న సంస్థకు తలకు మించిన భారం. ఉచితంగా దొరికేవాటిలో నా ఓటు ముందుగా ప్రపంచ మేధో సంపత్తి సంస్థ (వైపో) వారి పేటెంట్‌స్కోప్‌కు. ఖాతా తెరిస్తే చాలు, నిర్మాణం గీసి వెతకవచ్చు. ఐరోపా బయోఇన్ఫర్మాటిక్స్ సంస్థ (ఈఎంబీఎల్-ఈబీఐ) వారి ష్యూర్‌కెంబల్ కూడా ఉచితమే. అయితే రెండింటిలోనూ పేర్లను, బొమ్మలను నిర్మాణాలుగా మార్చేది కంప్యూటరే గనుక మసక స్కానుల దగ్గర పొరపాట్లు తప్పవు. ఒకదానిలో రానిది రెండోదానిలో దొరకడమూ మామూలే. మన పేటెంటు కార్యాలయం వారి వెతుకులాట సైటు ఇన్‌పాస్‌ను భారతీయ దరఖాస్తుల కోసం చూడక తప్పదు, కానీ అందులో నిర్మాణం గీసే వీలు లేదు. క్లెయిముల్లోని మాటలు, సీ07డీ వంటి వర్గీకరణ సంకేతాలు పట్టుకునే పోవాలి. దరఖాస్తులు సాధారణంగా 18 నెలల తర్వాతే ప్రచురితమవుతాయి గనుక నిన్నమొన్న వేసినవి ఎందులోనూ కనపడవు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఫార్మాసిటీ సంస్థలు తలా కొంత వేసుకుని ఒక ఉమ్మడి చందా తీసుకోవాలని, వెతకడం తెలిసిన ఒకరిని గ్రంథాలయంలో కూర్చోబెట్టాలని కోరుతున్నాను. ఉచిత సాధనాలపై శిక్షణకు ఆ చందా కోసం ఆగనక్కర లేదు; దాన్ని ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక రసాయన శాస్త్ర అధ్యాపకుడు,
విశాఖపట్నం