జున్యీలో పార్టీ పగ్గాలు మావోకు రాలేదు

సంపాదకుడు గారికి,

లాంగ్ మార్చ్ (1934-35లో చైనా కమ్యూనిస్టు సైన్యం చేసిన సుదీర్ఘ పాదయాత్ర) మీద గత ఆదివారం మీరు వేసిన వ్యాసంలో, 1935 జనవరి జున్యీ సమావేశంతో మావో చైనా కమ్యూనిస్టు పార్టీ అధినేత అయ్యారని రాశారు. ఈ మాట ఇంతకుముందూ చాలాచోట్ల చదివాను. అక్కడ మావోకు దక్కింది పార్టీ అగ్రనాయకుల చిన్న బృందమైన పొలిట్‌బ్యూరో స్టాండింగ్ కమిటీలో చోటు. మరుసటి నెల, అప్పటిదాకా పార్టీని నడిపిన బో గూ స్థానంలో పార్టీ బాధ్యతలు తీసుకున్నది జాంగ్ వెన్‌తియాన్. బో గూ సైనిక వ్యూహాన్ని ఆ సమావేశంలో తూర్పారబట్టి, మావో పైకి రావడానికి దారి వేసింది కూడా జాంగే.

1951 నుంచి 1955 దాకా జాంగ్ మాస్కోలో చైనా రాయబారి. 1954లో ప్రధాని చౌ ఎన్‌లైతో కలిసి జెనీవా చర్చలకు వెళ్లారు, ఆ తర్వాత విదేశాంగ ఉపమంత్రిగా పనిచేశారు. ఇదంతా ఏ రాయబారి బయోడేటాలోనైనా ఉండే సరుకే. అసలు చెప్పుకోవాల్సింది 1959లో లూషాన్‌లో జరిగిన పార్టీ నాయకుల సమావేశం గురించి.

పెరటి కొలిముల్లో ఉక్కు, కాగితాల మీద దిగుబడులు, కమ్యూన్లలో ఉచిత భోజనాలు... ఉత్పత్తిని ఒక్క దూకులో పెంచేయాలని 1958లో మావో మొదలుపెట్టిన గ్రేట్ లీప్ ఫార్వర్డ్ అప్పటికే గాడి తప్పింది. జూలై 14న రక్షణ మంత్రి పెంగ్ దెహువై దాని లోపాలను ఎత్తిచూపుతూ మావోకు ఉత్తరం రాశారు. మావో దాన్ని సభలో అందరికీ పంచారు. పెద్దాయనకు కోపం వచ్చిందని చాలామందికి అర్థమైపోయింది. అయినా 21న జాంగ్ లేచి దాదాపు మూడు గంటలు మాట్లాడారు. ఆర్థిక సూత్రాలను పక్కనపెట్టి ఉత్త రాజకీయంతో ఉత్పత్తి పెరగదన్నారు. పార్టీలో వేరే అభిప్రాయం చెప్పే వాతావరణం ఉండాలన్నారు. రెండు రోజులకే మావో విరుచుకుపడ్డారు. పెంగ్‌తో పాటు జాంగ్ మీదా ‘పార్టీ వ్యతిరేక ముఠా’ అన్న ముద్ర పడింది. జాంగ్ ఉపమంత్రి పదవి పోయింది. లీప్ మాత్రం ఆగలేదు. దానితో వచ్చిన కరువులో చనిపోయినవాళ్ల లెక్క కోట్లలో ఉంది.

మావో 1966లో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవ కాలంలో, 1969లో జాంగ్‌ను గ్వాంగ్‌డాంగ్‌లోని జావోచింగ్‌కు పంపేశారు, పేరు కూడా మార్పించారు. 1976 జూలై 1న, సరిగ్గా పార్టీ వ్యవస్థాపక దినాన, వూషీలో కన్నుమూశారు. పార్టీ ఆయన మీది ముద్రను తుడిచింది 1979లో.

మనదగ్గర చైనాను పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఇద్దరూ మావో దగ్గరే ఆగిపోతున్నారు. దయచేసి ఆ వ్యాసానికి సవరణ వేయండి. వీలైతే లూషాన్ మీద అర పేజీ కేటాయించండి.

— ఓ పాఠకుడు, ఖమ్మం