మా బేస్‌మెంట్‌లోకి దిగొచ్చిన పెద్దాయనకి

అందరికీ నమస్కారం. ఇల్లు వెచ్చబడి ఇవాళ్టికి మూడో రోజు. చేతులకి పైపు మరలకి పూసే పైప్ డోప్ వాసన ఇంకా వదల్లేదు, కంటినిండా నిద్రా లేదు. అయినా ఇప్పుడే రాస్తున్నాను. వారం ఆగితే పనుల్లో పడిపోతాను, ఆయన చేసిన మేలు ఒక్క ముక్కలో చెప్పేసి ఊరుకుంటానేమోనని భయం.

న్యూజెర్సీలో మాది 1926లో కట్టిన ఇల్లు. వేడికి ఒంటి పైపు స్టీమ్, అంటే బేస్‌మెంట్‌లోని బాయిలర్ నుంచి వచ్చే ఆవిరే గదుల్లోని రేడియేటర్లని వేడిచేస్తుంది. రేడియేటర్‌కి ఒకే పైపు ఉంటుంది. ఆవిరి పైకెక్కేదీ, చల్లారి నీరై దిగేదీ అందులోనే. జనవరి చలిలో, గుంటూరు నుంచి అత్తయ్యగారూ మావయ్యగారూ వచ్చి ఉండగా, బాయిలర్ మీది రాగి హెడర్ (ఆవిరి ముందుగా చేరే అడ్డ పైపు) అతుకు విడిపోయింది. బాయిలర్‌కి ఏ లోటూ లేదు. దాని చుట్టూ బిగించిన పైపులే తప్పు. రాగి ఇనుము కంటే ఒకటిన్నర రెట్లు సాగుతుంది. వేడెక్కిన ప్రతిసారీ సాగి, చల్లారిన ప్రతిసారీ ముడుచుకుని, సోల్డర్ అతుకుల్ని లాగేస్తుంది. ఆవిరి వెళ్లే దారిలో మర బిగింపు ఉన్న నల్ల ఇనుప పైపే వాడాలి. వాటర్‌లైన్‌కి (బాయిలర్‌లో నీళ్లుండే మట్టానికి) కింద, చల్లారిన నీళ్లు మాత్రమే తిరిగొచ్చే వెట్ రిటర్న్ పైపుకైతే రాగి ఫర్వాలేదు.

మా ఆయనా పిల్లలూ నాతోపాటే పైపులు మోశారు. ఇంట్లోవాళ్లకి థాంక్స్ చెబితే తిడతారు, వదిలేస్తున్నాను.

ఇక పెద్దాయన. పేరు రాయొద్దన్నారు. నలభై ఏళ్లు స్టీమ్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. పైపులు అమ్మే సప్లై హౌస్ కౌంటర్ దగ్గర లైన్లో నా వెనక నిలబడి, పైపులు మళ్లీ బిగించడానికి నేను గీసుకున్న డ్రాయింగ్ చూశారు. అడిగి తీసుకుని, జేబులోంచి పెన్సిల్ తీసి, ఒక గీత కొట్టేశారు. బాయిలర్ నుంచి లేచే రెండు రైజర్ల (నిలువు పైపుల) మధ్య నేను మెయిన్‌కి, అంటే ఇంటికి ఆవిరి తీసుకెళ్లే పెద్ద పైపుకి, టేకాఫ్ (హెడర్ నుంచి చీలే చోటు) గీశాను. అలా పెడితే రెండు వైపుల నుంచీ వచ్చే ఆవిరి అక్కడే ఢీకొంటుంది, హెడర్‌లో వేరుపడాల్సిన నీళ్లని తనతోపాటు పైకి ఎగదోస్తుంది. ఆ నీళ్లే మెయిన్‌లో సుత్తి దెబ్బల్లా మోగేది. వరస ఇలా ఉండాలి: మొదటి రైజర్, రెండో రైజర్, తర్వాత టేకాఫ్, చివర్న ఈక్వలైజర్, అంటే హెడర్‌లో వేరుపడిన నీళ్లని తిరిగి బాయిలర్‌లోకి దింపే పైపు. ఆ గీత పడకపోతే అంత ఇనుమూ తప్పుగా బిగించి ఉండేదాన్ని.

అక్కడితో ఆయన తన దారిన తాను వెళ్లిపోవచ్చు. శనివారం పొద్దున ఏడింటికి రెండు 36 అంగుళాల రెంచీలతో మా తలుపు కొట్టారు.

పని నా చేతే చేయించారు. పాత పోత ఇనుప ఫిట్టింగులు మర తిరగవు, తిప్పాలని చూడకూడదు. వెనక ఒక బరువు సుత్తి ఆనించి ముందు నుంచి ఇంకో సుత్తితో కొడితే పగిలిపోతాయి, పైపు మర చెడదు. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి. (పాత మెయిన్ల మీది తెల్ల తొడుగు ఆస్‌బెస్టాస్. దాన్ని ముందే లైసెన్సున్నవాళ్లతో తీయించాం. అది మాత్రం ఎవరూ సొంతంగా ముట్టుకోవద్దు.)

రైజర్లు 2 అంగుళాలవి. మాన్యువల్ ఒకటి చాలంటుంది, మేం రెండూ వాడాం. హెడర్ 3 అంగుళాలు. పైపు లావైతే ఆవిరి వేగం తగ్గుతుంది, నీళ్లు ఎగిరిపోకుండా కిందికి జారతాయి. హెడర్ వాటర్‌లైన్ నుంచి కనీసం 24 అంగుళాల ఎత్తులో ఉండాలి, మాకు 30 కుదిరింది. ప్రతి రైజర్ హెడర్‌ని చేరేచోట రెండు ఎల్బోలతో స్వింగ్ జాయింట్ పెట్టాం. పైపు సాగితే ఆ మరలు కాస్త కదిలి సర్దుకుంటాయి, బాయిలర్ సెక్షన్ల మీద లాగుడు పడదు. పైపు సైజు హెడర్ మధ్యలో తగ్గించకూడదు, అక్కడ నీళ్లు నిలుస్తాయి. చివర్న కిందికి తిరిగే ఎల్బో దగ్గరే తగ్గించి, ఒకటిన్నర అంగుళాల ఈక్వలైజర్‌లోకి దింపాం.

హార్ట్‌ఫర్డ్ లూప్ దగ్గర ఆయన నన్ను మూడుసార్లు కొలిపించారు. రిటర్న్ వచ్చి ఈక్వలైజర్‌లో కలిసే చోటు వాటర్‌లైన్‌కి 2 అంగుళాలు కిందుండాలి. నేల మీది రిటర్న్ ఎప్పుడైనా పుచ్చి కారినా బాయిలర్‌లో నీళ్లు ఆ మట్టం దాకానే దిగుతాయి, మొత్తం ఖాళీ అయిపోదు. అక్కడ వాడే నిపుల్ (రెండు చివర్లా మర ఉన్న పైపు ముక్క) క్లోజ్ నిపుల్, అంటే అన్నిటికన్నా పొట్టిది, అవ్వాలి. పొడుగుది పెడితే అందులో ఆవిరి చేరి ఢామ్మని కొడుతుంది.

సాయంత్రానికి మంట వెలిగించాం. గాజు గొట్టంలో నీళ్లు రెండేసి అంగుళాలు ఎగిరిపడుతున్నాయి. పైపులకి మరలు కోసేటప్పుడు వాడిన నూనె వల్ల అది. నీటి మీద తెట్టులా పరుచుకుంటే బుడగలు పగలవు, ఆవిరి నీళ్లని మోసుకుపోతుంది. కింది నుంచి ఎన్నిసార్లు డ్రెయిన్ చేసినా నూనె పోదు. నీళ్లు మరగబోయే వేడిలో ఉంచి, వాటర్‌లైన్ మట్టంలో ఉన్న స్కిమ్ పోర్టు నుంచి పెన్సిలంత సన్నటి ధారగా, గంటల తరబడి పొర్లించాలి. తొందరపడి ధార పెంచితే తెట్టు అక్కడే ఉండిపోతుంది. బోర్లించిన బకెట్ మీద కూర్చుని రాత్రి పదకొండు దాకా ఆయనా నాతోపాటు ఆ ధారే చూస్తూ ఉన్నారు.

తర్వాత లెవెల్ పట్టుకుని పైకి వచ్చారు. రేడియేటర్లు వాల్వ్ వైపు కాస్త వాలి ఉండాలి, లేకపోతే నీళ్లు వెనక్కి రావు. అత్తయ్యగారి గది గుమ్మం దగ్గర, ఎవరూ చెప్పకుండానే, బూట్లు విప్పడానికి వంగారు. కుడి మోకాలు వంగదు. లేసులు విప్పడానికే రెండు నిమిషాలు పట్టింది. సాక్సులతో లోపలికి వెళ్లి, నేల మీద కూర్చుని, తన జేబులోంచే పెన్నీలు తీసి, వాల్వ్‌కి అవతలి వైపు కాళ్ల కింద రెండేసి పెట్టారు. వెంట్ (రేడియేటర్‌లోని గాలి వదిలే చిన్న కవాటం) దగ్గర చేతి వెనక వైపు పెట్టి, గాలి పోయి ఆవిరి తగిలి వెంట్ టిక్కుమని మూసుకునేదాకా కదల్లేదు. మావయ్యగారు దుప్పట్లోంచి దణ్ణం పెట్టారు. నేను బేస్‌మెంట్‌లోకి వెళ్లి ఏడ్చాను. డబ్బు తీసుకోలేదు. రెంచీలు రెండూ ఏప్రిల్ దాకా ఉంచుకోమని వదిలి వెళ్లారు.

ఒక మాట అడక్కుండా ఉండలేను. ఆ రాగి హెడర్‌కి పర్మిట్ ఉంది, ఇన్‌స్పెక్షన్ పాసైన స్టిక్కర్ బాయిలర్‌కే అతికించి ఉంది. పైపులు ఎలా ఉండాలో ఆ బాయిలర్ మాన్యువల్‌లోనే బొమ్మ వేసి ఉంటుంది. స్టిక్కర్ వేసినవాళ్లు ఆ పేజీ ఒక్కసారి తిప్పి ఉంటే చాలు కదా? హోమ్ వారంటీ వాళ్లు మాత్రం అదే పేజీ చూపించి, బిగించడం తప్పు కాబట్టి కవర్ కాదన్నారు. అంటే తప్పని అందరికీ తెలుసు, బాధ్యత ఎవరికీ లేదు. చూడటానికి వచ్చిన నలుగురు కాంట్రాక్టర్లలో ముగ్గురు స్టీమ్ మొత్తం పీకేయమన్నారు. నాలుగో ఆయన ప్రెజర్ పెంచి వెళ్లారు. స్టీమ్‌కి ప్రెజర్ పెంచడం మందు కాదు. అర పీఎస్ఐ (ప్రెజర్ కొలత) దగ్గర బాయిలర్ వెలిగి ఒకటిన్నర దగ్గర ఆగితే చాలు. ఒక్కో పీఎస్ఐ రిటర్న్‌లో నీటిని 28 అంగుళాలు వెనక్కి ఎత్తుతుంది, వెంట్లు చెడతాయి. ముసలివాళ్లు, పసివాళ్లు ఉన్న ఇళ్లు ఎన్ని ఇలా చలిలో ఉన్నాయో తలుచుకుంటే కడుపు మండుతోంది.

పాత ఇల్లు కొనబోయేవాళ్లు బాయిలర్ పైన రాగి కనిపిస్తే బేరానికి ముందే ఆ సంగతి అడగండి. వెంట్లు కూడా చూడండి. మా 40 అడుగుల మెయిన్ చివర వెంట్ రంగు పూసి మూసుకుపోయి ఉంది. దాని బదులు గోర్టన్ కంపెనీ రెండో నంబరు వెంట్లు రెండు పెడితే, ఆవిరి చివరికి చేరడానికి 18 నిమిషాలు పట్టేది నాలుగైంది.

అయ్యో, అసలువాళ్లని మర్చిపోతున్నాను. సప్లై హౌస్ కుర్రాడు నా కొలతలు తప్పని చూసి రెండు నిపుల్స్ మళ్లీ మర కోసి ఇచ్చాడు, రెండోసారి డబ్బు తీసుకోలేదు. పక్కింటి పంజాబీ ఆంటీ రెండు ఆయిల్ హీటర్లు తెచ్చి ఇచ్చారు, ఐదు రాత్రులు వాటితోనే గడిచాయి. గ్యాస్ లైన్ మేం ముట్టుకోలేదు, దాన్ని చెక్ చేసి పొగగొట్టం డ్రాఫ్ట్ (పొగని పైకి లాగే గాలి) కొలిచి వెళ్లిన లైసెన్స్‌డ్ ప్లంబర్ గారికి కూడా థాంక్స్. ఇంకా పార్కింగ్ లాట్‌లో పైపులు తన ట్రక్కులో వేసుకుని మా ఇంటిదాకా తెచ్చిన అబ్బాయి. పదడుగుల 3 అంగుళాల పైపు 75 పౌండ్ల పైనే ఉంటుంది. ఒక్కడే భుజాన వేసుకుని మెట్లు దిగాడు, పేరడిగేలోపే వెళ్లిపోయాడు.