ఒడిశాలోని గజపతి జిల్లా కలెక్టర్ గారికి పర్లాకిమిడి తల్లి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

మా వీధిలో ఒకామె జడ వేస్తుంటే, ఆరేళ్ల కూతురు "ఆ మావయ్య ఇంటికి నేనెళ్లనమ్మా" అంది. "తప్పు, పెద్దోళ్లని అలా అనకూడదు" అంటూ తల్లి రిబ్బను బిగించేసింది. పక్కనే ఉన్న నేనూ ఎందుకని అడగలేదు. ఆ రోజు నుంచి నా మనసు మనసులో లేదు.

మేం చెడ్డ తల్లులం కాదండీ. పిల్ల వద్దంటే కారణం అడగాలని, ముద్దు పెట్టమని బలవంతపెట్టకూడదని, తాకింది సొంతవాళ్లైనా చెప్పమనాలని మాకెవరూ నేర్పలేదు. మా అంగన్‌వాడీ గోడ మీద పిల్లల సాయం కోసం ఫోన్ చేసే 1098 నంబరు పోస్టరు ఉంది, కానీ ఒడియాలో. ఇంట్లో తెలుగు మాట్లాడే మాలో చాలామందికి ఆ లిపి రాదు.

పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లకు అర్థంకాని భాషలో ఫిర్యాదు రాస్తుంటే దుబాసీని ఇవ్వాలి. వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, పోలీసులు యూనిఫాంలో రాకూడదు. పిల్లను రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. స్టేషన్ పేరెత్తితేనే వణికే తల్లులకు ఈ ముక్క ఎవరు చెప్పాలి?

టీకాల రోజు తల్లులందరం అంగన్‌వాడీకి వస్తాం. అప్పుడే ఒక గంట, మగవాళ్లు లేకుండా, తెలుగు వచ్చిన ఆడమనిషితో ఇవన్నీ చెప్పించండి. పోస్టరు కూడా తెలుగులో వేయించండి.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక తల్లి