పాత బూట్లు తిరగేసి చూశాక

అమలాపురం

చి॥ బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. అమ్మ, మామ్మ బాగున్నారు. బూటు కరిచి మడమ మీద బొబ్బ లేచిందని, పరుగు ప్రాక్టీసు ఆగిపోతుందేమోనని ఏడ్చావట. టెన్షన్ పడకు తల్లీ. బొబ్బని సూదితో పొడవకు, పై చర్మమే దానికి రక్షణ. సబ్బుతో కడిగి, ఆరాక మెత్తటి బ్యాండేజీ అంటించి, తగ్గేదాకా వెనక పట్టీ లేని చెప్పుల్లో తిరుగు. చీము పట్టినా, ఎరుపు పాకినా డాక్టరుకి చూపించు.

మన చెప్పుల కొట్టుకొచ్చే వాళ్ళలో చాలామంది బూటు కరిచిందంటే బిగుతే కారణమనుకుని ఒక సైజు పెద్దది అడుగుతారు. వదులైనా కరుస్తుందమ్మా. అడుగు పడినప్పుడల్లా మడమ పైకీ కిందకీ జారి, ఒరుసుకున్న చోటే మళ్ళీ మళ్ళీ ఒరుసుకుంటుంది. చెమట పట్టిన కాటన్ సాక్సు తడిని వదలదు, తడిసిన చర్మం తొందరగా లేస్తుంది. అందుకని చెమట పీల్చి త్వరగా ఆరే స్పోర్ట్స్ సాక్సులు కొనుక్కో. పరిగెత్తే ముందు మడమకి కాస్త వాజ్‌లైన్ రాయి. కొత్త తోలు చెప్పులకి మామ్మ కొబ్బరి నూనె పట్టిస్తుంది కదా, నీ బూట్ల గుడ్డకి అది పనిచెయ్యదు.

లేసులు కట్టడంలో కూడా ఒక పద్ధతుంది. చీలమండ దగ్గర ఆఖరున, ఎవరూ వాడని ఒక రంధ్రం ఉంటుంది చూడు. లేసుని అదే వైపు రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదులు. రెండో వైపూ అంతే. ఇప్పుడు ఈ కొసని ఆ ఉచ్చులోంచి, ఆ కొసని ఈ ఉచ్చులోంచి తీసి బిగించి ముడెయ్యి. వేళ్ళ దగ్గర వదులుగానే ఉంటుంది, మడమ మాత్రం జారదు.

ఇక నాకు ముఖ్యమనిపించిన సంగతి. పండక్కొచ్చినప్పుడు వదిలేసిన నీ పాత బూట్లు కొట్టుకి తెచ్చి తిరగేసి చూశాను. మడమ వెనక బయటి మూల కొద్దిగా అరగడం మామూలే, చాలామందికి ముందు ఆనేది ఆ మూలే. నీవి అలా లేవు. కుడిది లోపలి వైపు, ఎడమది బయటి వైపు అరిగాయి. నీ కాళ్ళలో ఏదో లోపముందని అప్పుడే అనుకోకు. ఇక్కడున్నన్నాళ్ళూ కాలవ గట్టు రోడ్డు మీద ఎప్పుడూ ఎడమ అంచునే పరిగెత్తేదానివి. వాన నీరు జారడానికి ఆ రోడ్డు అంచుకి వాలుగా ఉంటుంది. ఆ వాలు మీద కుడి పాదం లోపలికి, ఎడమ పాదం బయటికి ఒరుగుతాయి. నా అనుమానం దాని మీదే.

ఇప్పుడు నువ్వు పరిగెత్తే గ్రౌండు చదునుగా ఉంది కాబట్టి తేల్చుకోవచ్చు. రెండు నెలలయ్యాక బూట్లు బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడు. అరుగుదల రెండింటికీ సమానంగా ఉంటే తప్పు రోడ్డుదే. అప్పటికీ ఒకటే లోపలికి వాలిపోతుంటే, లేదా మోకాలో నడుమో నొప్పెడుతుంటే, ఎముకల డాక్టరు దగ్గరికో ఫిజియోథెరపిస్టు దగ్గరికో వెళ్దాం. పాత బూట్లు కూడా పట్టుకెళ్ళాలి. నువ్వంతట నువ్వే మడమ కింద మెత్తలు పెట్టెయ్యకు. ఇంకోటి, గ్రౌండు చుట్టూ ఎప్పుడూ ఒకే వైపు తిరగకుండా వార్మప్ రౌండ్లు ఎదురు దిక్కున చెయ్యి.

కొత్త జత నేనే పంపుతాను. సాయంత్రం పరుగయ్యాక పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, కొలత అప్పుడే తియ్యాలి. సాక్సులేసుకుని కాగితం మీద నిలబడు, వేరే ఎవరి చేతైనా పెన్సిలు నిటారుగా పట్టించి రెండు పాదాల చుట్టూ గీయించు. పెద్ద పాదానికి సరిపడా, పొడుగు వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండేలా చూస్తాను. ఆదివారం బాబాయి కాకినాడ వస్తున్నాడు, ఆ కాగితాలు వాడికిచ్చి పంపించు.

నాన్న