డిస్కుల టూల్ అడిగితే మెయిల్ సర్వర్ ఎందుకొచ్చింది?

సంపాదకుడి గారికి నమస్కారం.

పాత ల్యాప్‌టాప్‌లలో లైనక్స్ వేసుకోవడం గురించి మీ టెక్నాలజీ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయింది, విండోస్ 11కి సరిపోని మెషీన్లు మాత్రం ఇంకా శుభ్రంగా పనిచేస్తున్నాయి, వాటిని మూల పడేయకుండా లైనక్స్ వేసుకోమని చెప్పడం చాలా మంచి పని. నాకు అభ్యంతరం ఉన్నది ఒకే ఒక్క వాక్యం మీద. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దానితోపాటు వచ్చేవాటి పెద్ద లిస్టు వస్తుంది, కంగారు పడకుండా వై, అంటే ఎస్ అని, నొక్కేయండి అని రాశారు. దయచేసి అలా నేర్పకండి.

నేను లైనక్స్‌కి కొత్తగా వచ్చిన రోజుల్లో రెండు హార్డ్ డిస్కులను రెయిడ్‌గా, అంటే ఒకే డిస్కులా పనిచేసేలా, కలుపుకుందామని ఎండీఏడీఎం అనే చిన్న టూల్ ఇన్‌స్టాల్ చేశాను. కమాండ్ కొట్టగానే దానితోపాటు ఇంకొన్ని పేర్లు వచ్చాయి, అందరిలాగే నేనూ వై కొట్టాను. కాసేపటికి టెర్మినల్ మొత్తం రంగు మారిపోయి, మధ్యలో ఒక పెట్టె ప్రత్యక్షమై, మీ మెయిల్ కాన్ఫిగరేషన్ ఏ రకం అని అడిగింది. ఇంటర్నెట్ సైట్, శాటిలైట్ సిస్టం, లోకల్ ఓన్లీ అంటూ కింద ఏవేవో ఆప్షన్లు. డిస్కులు కలుపుకుంటానంటే మెయిల్ సంగతి ఎందుకు అడుగుతోందో అర్థం కాలేదు, ఏది నొక్కితే ఏమవుతుందో అని టెన్షన్, ముందే సెలెక్ట్ అయి ఉన్న ఇంటర్నెట్ సైట్ మీదే ఎంటర్ కొట్టేశాను. కొన్ని నెలల తర్వాత, సిస్టంలో ఏయే పోర్టులు, అంటే నెట్‌వర్క్ నుంచి లోపలికి వచ్చే ద్వారాలు, తెరిచి ఉన్నాయో చూడటం నేర్చుకుని ఎస్ఎస్ కమాండ్ ఇస్తే, మెయిల్‌కి వాడే 25వ పోర్టు బయటి నెట్‌వర్క్‌కి కూడా తెరిచే ఉంది. అన్ని నెలలూ నా కంప్యూటర్‌లో ఒక మెయిల్ సర్వర్ నడుస్తూనే ఉంది. దాంతో నేను ఒక్క మెయిల్ కూడా పంపలేదు, అసలు అది ఉందనే నాకు తెలియదు.

అది ఎందుకొచ్చిందో ఆ తర్వాత తెలుసుకున్నాను. డిస్కు పాడైతే ఆ టూల్ రూట్ యూజర్‌కి, అంటే సిస్టం మీద పూర్తి అధికారం ఉన్న ఖాతాకి, మెయిల్ పంపుతుంది కాబట్టి మెయిల్ సర్వర్ ఒకటి ఉంటే మంచిదని దాని ప్యాకేజీ, అంటే ఇన్‌స్టాల్‌కి సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్ మూట, తయారు చేసినవాళ్లు రాసిపెట్టారు. పెద్ద సర్వర్లు చూసుకునేవాళ్లకు అది నిజంగా పనికొచ్చేదే. ఇంట్లో ఒక్క కంప్యూటర్ వాడుకునే మనిషికి ఆ మెయిల్ వెళ్లి అదే కంప్యూటర్‌లో ఏదో మూల ఫైల్‌లో పడి ఉంటుంది, ఆ ఫైల్ తెరిచి చూసేవాళ్లే ఉండరు.

లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లోనూ, దాని మీద కట్టిన ఉబుంటు లాంటి వాటిలోనూ ఒక ప్యాకేజీ మిగతావాటిని మూడు స్థాయిల్లో అడుగుతుంది. డిపెండ్స్ అంటే అది లేకపోతే పని జరగదు. రికమెండ్స్ అంటే మామూలుగా అందరి దగ్గరా ఉండేదే, లేకపోయినా ఇది నడుస్తుంది. సజెస్ట్స్ అంటే ఉంటే ఉండనీ అన్నట్టు. ఒకప్పుడు, ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ అనే ప్రోగ్రాం మొదటి రకాన్ని మాత్రమే తనంతట తానుగా తెచ్చేది. 2009లో వచ్చిన డెబియన్ 5 నుంచి రెండో రకం కూడా అడక్కుండానే రావడం మొదలైంది. దానికితోడు, సర్వర్ లాంటి ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయిన మరుక్షణమే ఈ సిస్టంలలో మామూలుగా దాని సర్వీసు కూడా స్టార్ట్ అయిపోతుంది. నా మెయిల్ సర్వర్ కథ జరిగింది ఇలాగే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆ లిస్టు చూపించే తీరు. అదనంగా ఇన్‌స్టాల్ అయ్యేవి ఇవీ అంటూ తప్పనిసరివీ, ఉంటే మంచివీ అన్నీ కలిపి ఒకే కుప్పగా పోసి చూపిస్తారు. ఏది లేకపోతే ప్రోగ్రాం ఆగిపోతుందో, ఏది లేకపోయినా ఏమీ కాదో ఆ లిస్టు చూసి ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా చెప్పలేరు, ఇక కొత్తవాళ్ల సంగతి చెప్పాలా? అందుకే అందరూ వై నొక్కేస్తున్నారు. అది వాళ్ల నిర్లక్ష్యం కాదు, వాళ్లకు వేరే దారి చూపించలేదు.

పోనీ తర్వాత తీసేద్దామంటే అదీ సులువు కాదు. ఆటోరిమూవ్ అని ఒక కమాండ్ ఉంది, ఎవరికీ అక్కర్లేని ప్యాకేజీలను అదే వెతికి తీసేస్తుందని చెబుతారు. కానీ సిస్టంలో మిగిలిన ఏ ప్యాకేజీ అయినా దాన్ని రికమెండ్ చేసినా, చివరికి ఊరికే సజెస్ట్ చేసినా సరే, మామూలు సెట్టింగ్‌లో ఆటోరిమూవ్ దాని జోలికి పోదు. నేను డిస్కుల టూల్ తీసేశాను, మెయిల్ సర్వర్ మాత్రం అలాగే ఉండిపోయింది, చివరికి దాన్ని పేరు పెట్టి తీయాల్సి వచ్చింది.

డిస్కులో కొంచెం చోటు పోతే పోయిందిలే అనుకునేవాళ్లకు 2024 మార్చిలో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. దాని గురి ఎస్ఎస్‌హెచ్ సర్వర్, అంటే దూరంగా ఉన్న కంప్యూటర్లలోకి లాగిన్ అయ్యే ద్వారం. నిజానికి ఆ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ అసలు కోడ్‌కి ఆ కంప్రెషన్ లైబ్రరీతో, అంటే వేరే ప్రోగ్రాంలు వాడుకునే ఆ కోడ్ ముక్కతో, ఏ సంబంధమూ లేదు. నేను స్టార్ట్ అయ్యాను అని సిస్టండీకి, అంటే సర్వీసులను నడిపించే ప్రోగ్రాంకి, ఆ సర్వర్ ఒక్క కబురు పంపడానికి డెబియన్, ఫెడోరా లాంటి లైనక్స్ రకాలు ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌కి సిస్టండీ లైబ్రరీని తగిలించాయి, ఆ లైబ్రరీ తన వెనకాల కంప్రెషన్ లైబ్రరీని తీసుకొచ్చింది. ఒక్క కబురు కోసం పెట్టిన ఆ గొలుసులోంచే దొంగ లోపలికి రాబోయాడు. లాగిన్‌కి అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని పట్టుబట్టి వెతికిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు మార్చి 29న దాన్ని బయటపెట్టాడు కాబట్టి, అది చాలావరకు పరీక్షల దశలో ఉన్న లైనక్స్ వెర్షన్ల దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత ఓపెన్ఎస్ఎస్‌హెచ్ వాళ్లు ఆ కబురు పంపే కోడ్ ఏ లైబ్రరీ అవసరం లేకుండా సొంతంగా రాసుకున్నారు. ఆ పని ముందే చేసి ఉండొచ్చు కదా అనిపిస్తుంది నాకు. ఇది రికమెండ్స్ వల్ల జరిగింది కాదు, నేరుగా కలిపేసిన డిపెండెన్సీ వల్ల జరిగింది, ఆ తేడా నాకు తెలుసు. అయినా అవసరం లేకుండా లోపలికి వచ్చే ప్రతి లైబ్రరీనీ ఎవరో ఒకరు కాపలా కాయాలి, ఆ భారం రెండు చోట్లా ఒకటే.

రికమెండ్స్ మొత్తం ఆపేయమని నేను అనను. ఒకసారి కోపంలో సెట్టింగ్ మార్చి పూర్తిగా ఆపేసి చూశాను. డెస్క్‌టాప్ అయితే వచ్చింది, వైఫై రాలేదు, దానికి కావలసింది కూడా రికమెండ్స్‌లోనే ఉందట. కొత్తగా వచ్చినవాళ్లకు ఇలా జరిగితే అదే రోజు వెనక్కి పోతారు. ఆర్చ్ లైనక్స్‌లో ఆప్ట్ లాంటి ప్యాక్‌మ్యాన్ అనే ప్రోగ్రాం చేసే పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. ఐచ్ఛికంగా కావలసిన వాటిని అది తనంతట తాను వేయదు, పేరు చూపించి పక్కనే అది దేనికి పనికొస్తుందో ఒక్క ముక్కలో రాస్తుంది. డెబియన్ ప్యాకేజీల్లో ఆ కారణం రాయడానికి విడిగా చోటే లేదు. డిస్కు పాడైతే మెయిల్ పంపడానికి అని నాకు ఆ రోజు ఒక్క లైను కనిపించి ఉంటే, వద్దు అని నేనే చెప్పేవాణ్ణి.

ప్యాకేజీలు తయారు చేసేవాళ్లలో తెలుగువాళ్లు ఉన్నారు, వాళ్లు మీ పేపర్ చదువుతారు కూడా. మెయిల్ సర్వర్ అంతటిదాన్ని రికమెండ్స్‌లో పెట్టే ముందు సజెస్ట్స్‌లో పెడితే సరిపోతుందేమో ఒకసారి చూడమని వాళ్లను కోరుతున్నాను. ఇక మీ పేజీలో ఇన్‌స్టాల్ కమాండ్ అచ్చు వేసినప్పుడల్లా, రికమెండ్స్ రాకుండా ఆపే నో ఇన్‌స్టాల్ రికమెండ్స్ అనే ఆప్షన్ ఒకటి ఉందని కూడా రాయండి. కమాండ్ పక్కన హైఫన్ ఎస్ పెడితే ఏదీ మారకుండా ఏమేం వస్తాయో చూపించి ఊరుకుంటుంది, నో ఇన్‌స్టాల్ రికమెండ్స్ ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి అలా నడిపి రెండు లిస్టులు పక్కపక్కన పెట్టుకుంటే ఏవి తప్పనిసరో, ఏవి కాదో తెలిసిపోతుంది. అందులో తాము అడగని సర్వర్ ఏదైనా కనిపిస్తే, అదేమిటో తెలిసేదాకా ఎన్ నొక్కి ఆగమని చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు