'ఒక హాలు' కాదు, అది మ్యూజియం

సంపాదకులకు నమస్కారం.

ఇజ్రాయెల్ స్వాతంత్ర్య ప్రకటన గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, 1948 మే 14న ఆ దేశ తొలి ప్రధాని డేవిడ్ బెన్ గురియన్ ఆ ప్రకటన చదివిన చోటును 'టెల్ అవీవ్‌లోని ఒక హాలు' అని తేల్చేసింది. అది టెల్ అవీవ్ మ్యూజియం. నగర తొలి మేయర్ మెయిర్ డిజెన్‌గాఫ్ తన సొంత ఇంటిని రాసిచ్చేయగా 1932లో తెరిచారు. అయితే ఇల్లు ఇచ్చినంత మాత్రాన మ్యూజియం అయిపోదు కనుక, దాన్ని నిలబెట్టిన డైరెక్టర్ కార్ల్ ష్వార్జ్ గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

1885లో మ్యూనిక్‌లో పుట్టిన ష్వార్జ్, జర్మన్ చిత్రకారుడు లోవిస్ కోరింత్ అచ్చుచిత్రాలకు సమగ్రమైన జాబితా కట్టి 1917లో ప్రచురించారు. ఇలాంటి పని చూసేవారికి గుమాస్తాగిరీలా ఉంటుంది గానీ, ఏది అసలో ఏది నకలో తేల్చవలసి వచ్చిన రోజున అందరూ తిరగేసేది ఆ జాబితానే. 1927 నుంచి బెర్లిన్ యూదు సమాజపు కళాసేకరణ బాధ్యత చూసిన ఆయన, 1933 జనవరి 24న ఒరానియెన్‌బుర్గర్ వీధిలో, సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) పక్కనే, యూదు మ్యూజియాన్ని తెరిచారు. ఆరు రోజులు తిరక్కుండానే హిట్లర్ చాన్సలర్ అయ్యాడు. ఆ ఏడే ష్వార్జ్ డిజెన్‌గాఫ్ పిలుపుపై టెల్ అవీవ్ చేరి, 1947 వరకు అక్కడి మ్యూజియాన్ని నడిపారు. బెర్లిన్‌లో ఆయన వదిలివచ్చిన మ్యూజియాన్ని 1938 నవంబరులో నాజీ రహస్య పోలీసు దళం గెస్టపో మూయించి, సేకరణను జప్తు చేసింది.

బెర్లిన్ వస్త్ర వ్యాపారి ఎరిక్ గోరిట్జ్ తన సేకరణలో చాలా భాగాన్ని 1933లోనే టెల్ అవీవ్‌కు అరువుగా పంపారు. ఆధునిక శిల్పి ఆర్కిపెంకో శిల్పాలు అలాగే నాజీల చేతికి చిక్కకుండా డిజెన్‌గాఫ్ ఇంటి గదుల్లోకి చేరాయి. నమ్మకమైన డైరెక్టర్ అవతల ఉంటే తప్ప, ఎవరైనా అంతటి సొత్తును సముద్రం దాటిస్తారా?

ఈ వలస మన దేశాన్నీ తాకింది. జర్మనీ విడిచిన మరో యూదు కళాచరిత్రకారుడు ఎర్న్‌స్ట్ కోన్-వీనర్ 1934లో బరోడా మ్యూజియం డైరెక్టరుగా వచ్చి, ఆ దశకం చివరి దాకా పనిచేశారు. ఆయన గురించి విడిగా ఒక వ్యాసమే వేయవచ్చు.

స్వాతంత్ర్య ప్రకటన వ్యాసాన్ని మీ వెబ్‌సైటులో ఉంచేటప్పుడైనా 'ఒక హాలు' అన్నచోట మ్యూజియం పేరు, వీలైతే ఒక వాక్యంలో ష్వార్జ్ పేరు చేర్చవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం