శీనుగాడికి, బాబాయ్ కంప్యూటర్ సంగతి

ఒరేయ్ శీనూ,

ఏట్రా, హైదరాబాద్ వెళ్ళాక ఫోనే లేదు. సరే విను, పెదవాల్తేర్లో బాబాయ్ వాళ్ళ అటక మీద పెంటియమ్ ఒకటి ఉండేది కదా, సెలవుల్లో మనం తెల్లారిందాకా కార్ రేస్ ఆడేవాళ్ళం, దాన్ని దింపి ఎంవీపీ కాలనీకి తెచ్చేశా. అందులో సౌండ్ బ్లాస్టర్ 16 సౌండ్ కార్డు ఇంకా అలాగే ఉంది రా! 1992లో వచ్చిన మోడల్, ఐఎస్ఏ అనే పాతకాలం స్లాట్‌లో పెట్టే జానెడు పొడుగు కార్డు.

బోర్డు మీద బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కొత్త సిఆర్2032 బిళ్ళ వేస్తే డాస్, అదే విండోస్‌కి ముందు సిస్టమ్, లేచింది. గేమ్ పెడితే మ్యూజిక్ బ్రహ్మాండంగా వస్తోంది, కారు కదలగానే ఇంజిన్ సౌండ్ ఒక్కసారి డుర్ర్ మని మొత్తం బిగుసుకుపోతోంది. డాబాగార్డెన్స్‌లో ఒక షాపాయనకి చూపిస్తే కార్డు పోయింది సార్, యూఎస్‌బీది పెట్టుకోండన్నాడు. పాత డాస్ గేమ్‌కి యూఎస్‌బీ సౌండ్ కార్డంట, గేమ్ దాన్ని గుర్తే పట్టదు, ఏం చెప్తాం చెప్పు.

మన బీచ్ గాలికి ఇంటి గేట్లే తుప్పు పట్టిపోతాయి కదా, అందుకని ముందు కార్డు పీకి కాంటాక్టులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచా. వెనకున్న వాల్యూమ్ చక్రం బరబర తగ్గింది గానీ ఇంజిన్ మాత్రం మళ్ళీ డుర్ర్, అంతే.

అసలు కిటుకు ఆ మ్యూజిక్‌లోనే ఉంది రా. అది యమహా ఓపీఎల్3 చిప్పు వాయించేది, దానికి ఐఆర్‌క్యూ (కార్డు సీపీయూని పిలిచే లైను), డీఎంఏ (మెమరీ నుంచి డేటా నేరుగా కార్డుకి వెళ్ళే దారి) ఏవీ అక్కర్లేదు. ఇంజిన్ సౌండ్ రికార్డు చేసిన డిజిటల్ సౌండు, కొంచెం ప్లే అయ్యాక కార్డు ఐఆర్‌క్యూ మీద సీపీయూని పిలవాలి, తర్వాత ముక్క ఇవ్వమని. ఆ పిలుపు అందకపోతే అక్కడే ఆగిపోద్ది. అంటే కార్డు బతికే ఉంది, పిలుపే ఎక్కడో పోతోంది.

బూట్ అవగానే నడిచే ఆటోఎగ్జెక్ ఫైల్లో కార్డు సెట్టింగులు చెప్పే బ్లాస్టర్ లైను చూశా, ఏ220 ఐ5 డి1 హెచ్5 టి6, అంటే ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1, 5, అంతా కరెక్టే. బూట్ అయ్యేటప్పుడు వచ్చే పీసీఐ కార్డుల లిస్టు ఆపి చూస్తే దొరికాడు దొంగ, నెట్‌వర్క్ కార్డు ఐఆర్‌క్యూ 5 మీద కూర్చుంది! బ్యాటరీ పోయినప్పుడు బయాస్ (బోర్డు మీదుండే బూట్ ప్రోగ్రామ్) సెట్టింగులన్నీ మొదటికొచ్చేశాయి, మన కార్డేమో ప్లగ్ అండ్ ప్లే (కార్డు తన సంగతి తానే చెప్పుకునే పద్ధతి) రాకముందుది, 5 దానిదని బయాస్‌కి ఎవరు చెప్తారు? సెటప్‌లోకెళ్ళి ఐఆర్‌క్యూ 5ని లెగసీ ఐఎస్ఏ అని, అంటే పాత కార్డుకే వదిలెయ్యమని పెట్టా, డీఎంఏ 1, 5 కూడా. నెట్‌వర్క్ కార్డు బుద్ధిగా 11కి పోయింది. ఇంజిన్ మోత వినాలి నువ్వు, పక్క ఫ్లాట్ మావయ్యగారు తలుపు కొట్టారు.

ఇంక సీడీ పాటలొక్కటే రావట్లేదు, డ్రైవ్ నుంచి కార్డుకి వెళ్ళే నాలుగు పిన్నుల సన్న ఆడియో వైరు లేదు. మీ నాన్నగారి పాత సిస్టమ్‌లో ఉంటుంది, సంక్రాంతికి వచ్చేటప్పుడు పీకి పట్టుకురా, ఆయన్ని అడిగే పీకు మళ్ళీ. జాయ్‌స్టిక్ కూడా దొరికితే తెచ్చెయ్.

నీ
రాజుగాడు